నీటి మట్టానికి ఇద్దరు సాక్షులు

2022 మే 14, శనివారం. ఉదయం పదిన్నర. ఫిల్మ్‌నగర్, రాజ్యలక్ష్మి గారి ఇల్లు, కింది హాలు.

హాజరైనవారు: ఇంటి యజమానురాలు రాజ్యలక్ష్మి గారు, ముప్పై ఏళ్లు సినిమాలకు డబ్బింగ్ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న కళాకారిణి. ఆమె కొడుకు సుధీర్, వెబ్ సిరీస్‌లు తీసే కంపెనీలో ప్రొడక్షన్ పనులు చూసేవాడు. బోరబండ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ యాదయ్య, ఇరవై రెండేళ్లుగా నాతో పనిచేస్తున్నవాడు. నేను. అద్దాల తొట్టిలో రెండు క్లౌన్ చేపలు, అవి కాపురముండే ఒక ఎనిమోన్, నాలుగు నత్తలు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. నత్తలను కూడా హాజరు పట్టీలో ఎందుకు రాశానో తర్వాత చెబుతాను. ఇళ్లలో, ఆఫీసుల్లో చేపల తొట్లు కట్టి, వాటిని బతికించే పనిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్ల చుట్టూ తిరిగి ఈ పని చేశాను. మొత్తం చరిత్ర మీకు అక్కర్లేదు. నీటి మట్టం అనే ఒక్క విషయం సరిగా తెలిస్తే సగం పని వచ్చినట్టే.

ఆ రోజు చర్చ

సముద్రపు చేపల తొట్టిలో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. రోజంతా ఏసీ నడిచే హాలులో మూడు వందల లీటర్ల తొట్టి రోజుకు ఐదారు లీటర్లు పోగొట్టుకుంటుంది. పోయినంత మంచినీళ్లు మళ్లీ పోయకపోతే ఉప్పు చిక్కబడుతుంది. ఎక్కువ పోస్తే పలచబడుతుంది. చేపలు కొంత ఓర్చుకుంటాయి. పువ్వులా కనిపించే ఎనిమోన్ కూడా ప్రాణే, దానికి అంత ఓర్పు లేదు.

రాజ్యలక్ష్మి గారు పద్నాలుగేళ్లు ఆ నీళ్లు చెంబుతో కొలిచి స్వయంగా పోశారు. భుజానికి ఆపరేషన్ అయ్యాక డాక్టరు బకెట్ ఎత్తవద్దన్నాడు. ఇక మిగిలింది యంత్రం. మంచినీళ్ల డ్రమ్ము ఒకటి, అందులో చిన్న పంపు, తొట్టి కింద అరమరలో దాగి ఉండే రెండో తొట్టిలో నీటి మట్టం కనిపెట్టే సెన్సర్. మట్టం తగ్గిందని సెన్సర్ చెబితే పంపు నడుస్తుంది, చాలు అంటే ఆగుతుంది. వినడానికి ఇంతే. డ్రమ్ము, పంపు ఎవరైనా కొంటారు. సెన్సర్ ఎంచుకోవడంలోనే మన అనుభవం బయటపడుతుంది.

మార్చిలో మరొకరు వచ్చి అలాంటిదే బిగించి వెళ్లారు. పదిహేను రోజుల్లో అది ఆగకుండా నడిచి డ్రమ్మంతా హాలులోకి వదిలింది. చెక్క ఫ్లోరింగ్ అప్పడంలా లేచింది. దాన్ని ఊడదీసి కొత్తది వేయించింది సుధీర్. అందుకే ఆ శనివారం అతను సోఫాలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"అంకుల్, క్లియర్‌గా చెప్తున్నా. ఇంకొక్కసారి నీళ్లు ఫ్లోర్ మీదికొస్తే ట్యాంక్ ఈ ఇంట్లో ఉండదు. చెక్‌పోస్ట్ దగ్గర మా ఫ్రెండ్ రెస్టారెంట్ ఉంది. వాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

"చేపల పులుసు తినేవాళ్ల ఎదురుగా నా పిల్లల్ని కూర్చోబెడతావురా?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"నీ పిల్లాణ్ణి నేనమ్మా."

"నువ్వు చెప్పినమాట వినవు. అవి వింటాయి."

యాదయ్య నవ్వు ఆపుకోవడానికి అరమరలోకి తల దూర్చాడు. నేను నవ్వలేదు. ఆ చేపలు పద్నాలుగేళ్లుగా ఆమె దగ్గర ఉన్నాయి. డబ్బింగ్ మానేశాక ఆమె గొంతు ఎక్కువగా విన్నవి అవే. ఉదయం మేత వేసేటప్పుడు వాటితో ఒకరోజు గయ్యాళి అత్తగారిలా, ఒకరోజు పోలీసు అధికారి తల్లిలా, మరోరోజు పాలు అమ్మే ముసలమ్మలా మాట్లాడతారు. ఆ తొట్టి పోతే ఆ ఇంట్లో పోయేది ఒక్క గాజుపెట్టె కాదని నాకు తెలుసు. సుధీర్‌కూ తెలుసనే అనుకుంటాను. కానీ చెక్క పలకలు ఊడదీయించినవాడి బాధ కూడా బాధే.

మస్తాన్ సాబ్

నేను మొదట బాలానగర్ వైపు ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో మానేశాను అన్నవి ఇక్కడ అనవసరం. మా ఫోర్‌మన్ మస్తాన్ సాబ్ అని ఉండేవాడు. చేరిన రెండో నెలలో ఒక ట్యాంకు పక్కనున్న గాజు గొట్టం చూసి, "నిండుగా ఉంది" అని రిజిస్టర్‌లో రాశాను. గొట్టం అడుగున బురద అడ్డుపడింది. నేను చూసింది అందులో ఇరుక్కున్న పాత నీళ్లు. ట్యాంకులో చుక్క లేదు.

మస్తాన్ సాబ్ తిట్టలేదు. నిచ్చెన ఎక్కించి, మూత తీయించి, కర్ర ముంచి చూడమన్నాడు. పొడి కర్రతో కిందికి దిగాక చెప్పాడు:

"బేటా, మీటర్ ఝూట్ చెప్పదు. దానికి కనబడ్డదే చెప్తది. గందుకే దానికేం కనబడుతున్నదో ముందు నువ్వు చూడు."

నాకు ఈ పని నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాక్యం రూపంలో గుర్తున్నది ఇదొక్కటే. గుర్తుంచుకోవడం వేరు, సమయానికి వాడుకోవడం వేరు అని తర్వాత తెలిసింది.

నేను పాడుచేసినవి

ఫ్యాక్టరీ వదిలి చేపల తొట్ల పనిలోకి వచ్చిన కొత్తలో, అక్కడి తెలివి ఇక్కడ వాడాను. బాయిలర్‌లో రెండు స్టీలు కడ్డీలు పెట్టి, వాటి మధ్య నీళ్ల గుండా కరెంటు పారుతోందా లేదా చూసి మట్టం తెలుసుకునేవాళ్లం. అదే ఒక డాక్టరు గారి ఇంట్లో సముద్రపు తొట్టికి పెట్టాను. మూడు నెలల్లో ఉప్పునీళ్లు కడ్డీలను తినేశాయి. ఇనుము కరిగిన నీళ్లలో నాచు గడ్డిలా మొలిచింది. డాక్టరు గారు మర్యాదస్తులు. "మీరు చేపలకు రక్తహీనత మందు వేసినట్టున్నారు" అని మాత్రం అన్నారు.

రెండోది పంపు ఆగినా నీళ్లు ఆగని కథ. డ్రమ్మును అటక మీద పెట్టాను, గొట్టం కొసను తొట్టిలో నీళ్ల అడుగుకు దించాను. సెన్సర్ చాలంది, పంపు ఆగింది, నీళ్లు మాత్రం గొట్టంలో వాటంతట అవే జారుతూనే ఉన్నాయి. గొట్టం కొస ఎప్పుడూ నీళ్లకు పైనే ఉండాలి, డ్రమ్ము తొట్టి కన్నా కిందే ఉండాలి. ఇది పుస్తకంలో ఒక వాక్యం. నాకు ఒక పరుపు, రెండు దిండ్ల నష్టం.

ఇక నత్త. అన్నిటికన్నా చవకైన, పాత సెన్సర్ ఫ్లోట్ స్విచ్, అంటే నీళ్ల మీద తేలే చిన్న బంతి. నీళ్లు తగ్గితే బంతి దిగి పంపు నడుస్తుంది. నీళ్లు పెరిగితే బంతి లేచి ఆగుతుంది. కంటికి కనిపిస్తుంది, చేత్తో పరీక్షించవచ్చు. దాని శత్రువులు రెండు. ఉప్పు పేరుకుని బంతి కదలకపోవడం ఒకటి. నత్త ఎక్కి కూర్చోవడం రెండోది. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసులో నత్త ఎక్కింది. బరువుకు బంతి దిగే ఉంది, పంపు నడుస్తూనే ఉంది. మేం వెళ్లేసరికి ఆఫీసు గదిలో చెప్పులు తేలుతున్నాయి. నేను క్షమాపణ మొదలుపెట్టాను. ఆ వారమే ఆయన సినిమా విడుదల. పాలు పొంగినట్టు నీళ్లు పొంగాయని ఆయన సంబరపడి, ఎవరినీ తుడవనివ్వకుండా ముందు కొబ్బరికాయ కొట్టించాడు. సినిమా ఏమైందో ఇక్కడ రాయను. నత్తలను హాజరు పట్టీలో రాయడం మాత్రం అప్పటి నుంచి నా అలవాటు.

మేం ఎంచుకున్నది

రాజ్యలక్ష్మి గారింట్లో మార్చిలో పాడైనది ఫ్లోట్ స్విచ్చే. బంతి చుట్టూ ఉప్పు కట్టింది. కాబట్టి ఈసారి బంతి వద్దన్నాను. ఆప్టికల్ సెన్సర్ పెడదామన్నాను. అది వేలెడు గాజు మొన. లోపల నుంచి కంటికి కనిపించని ఒక కాంతిని మొనలోకి పంపుతుంది. మొన పొడిగా ఉంటే ఆ కాంతి లోపలికే తిరిగొస్తుంది. నీళ్లలో మునిగి ఉంటే నీళ్లలోకి జారిపోతుంది. కాంతి తిరిగొస్తే పొడి, పంపు నడవాలి. రాకపోతే తడి, ఆగాలి. కదిలే భాగం ఒక్కటి కూడా లేదు. నత్త కూర్చున్నా దిగిపోయేది ఏమీ లేదు.

ఒకటి చాలదని రెండు పెట్టాం. మామూలు మట్టం దగ్గర ఒకటి, అంగుళం పైన రక్షణకు మరొకటి. మొదటిది తప్పినా రెండోది ఆపుతుంది.

యాదయ్యకు ఇది నచ్చలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతూ అన్నాడు:

"సార్, పైది బంతి పెడుదాం. దానికి జాలి కడుదాం, నత్త రాకుంట. రెండూ ఒక్క తీరువే ఎందుకు?"

"ఒక తీరుగా ఉంటే స్పేర్ ఒకటే సరిపోతుంది, యాదయ్యా," అన్నాను. మార్చిలో పాడైన బంతినే మళ్లీ పెడితే సుధీర్ ఏమనుకుంటాడో అన్న ఆలోచన లోపల ఉంది. అది బయటికి చెప్పలేదు. యాదయ్య భుజాలెగరేసి పనిలో పడ్డాడు. ఇరవై రెండేళ్లు నాతో పనిచేసిన మనిషి మాటను ఒక్క వాక్యంతో కొట్టేశాను. ఆ రోజు డైరీలో అది రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

దయతో చేసిన తప్పు ఇంకొకటి. డ్రమ్ము మాటిమాటికీ నింపే అవసరం ఆమెకు ఉండకూడదని అరవై లీటర్లది పెట్టాను. పది రోజులకోసారి నింపితే చాలు. ఆమె సంతోషించారు. పక్కనే ఒక నోటు పుస్తకం పెట్టుకుని రోజూ ఉదయం ఏడు గంటలకు డ్రమ్ములో మట్టం రాస్తానన్నారు. నేను లోలోపల మురిసిపోయాను. డైరీ రాసేవాళ్లకు తోడు దొరకడం అరుదు.

షూటింగ్

మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆగస్టులో ఒక గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె ఫోన్ చేశారు. పదిమంది గొంతులు పలికే మనిషి ఏ గొంతూ లేకుండా మాట్లాడారు.

"రామచంద్రం గారూ, ఎనిమోన్ ముడుచుకుపోయిందండీ. నేల తడిగా ఉంది. సుధీర్ వాళ్ల ఫ్రెండుకి ఫోన్ చేస్తున్నాడు."

మోతీనగర్‌లో ఆటో ఎక్కి వెళ్లాను. యాదయ్య నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. హాలులో షూటింగ్ జరుగుతోంది. సుధీర్ కంపెనీ సిరీస్‌లో పెద్దింటి సన్నివేశాలకు రెండు రోజులు ఆ హాలునే ఇచ్చాడు. నేను వెళ్లేసరికి భోజనాల విరామం. అందరూ బయట ప్లేట్లతో ఉన్నారు.

డ్రమ్ము ఖాళీ. కింది తొట్టి అంచుల దాకా నిండి పక్కకు కారింది. కొత్త చెక్క మీద చాప వెడల్పున తడి. ఉప్పు కొలిచి చూశాను. లీటరుకు ముప్పై అయిదు గ్రాములు ఉండాల్సింది ముప్పైకి వచ్చింది. ఎనిమోన్ పిడికిలంత అయింది. చేపలు రెండూ దాని పక్కనే, ఎటూ పోకుండా, తలుపు మూసిన ఇంటి ముందు నిలబడ్డవాళ్లలా ఉన్నాయి.

సుధీర్ గొంతు పెంచలేదు. అదే కష్టంగా అనిపించింది. "రేపు పొద్దున తొమ్మిదింటికి టెంపో వస్తుంది అంకుల్. మీ తప్పని కాదు. ఇది ఈ ఇంటికి పడట్లేదు, అంతే."

రాజ్యలక్ష్మి గారు గుడ్డతో నేల తుడుస్తున్నారు. వద్దని యాదయ్య తీసుకోబోతే ఇవ్వలేదు.

నేను సెన్సర్లు రెండూ బయటికి తీసి గ్లాసు నీళ్లలో ముంచి చూశాను. ముంచితే తడి అన్నాయి, తీస్తే పొడి అన్నాయి. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. పాడైన వస్తువు దొరికితే ధైర్యంగా ఉంటుంది. అన్నీ బాగుండి పని చెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మళ్లీ వాటి చోట బిగించాం. అప్పుడూ సరిగ్గానే చెప్పాయి.

ఆమె నోటు పుస్తకం అడిగాను. ఆ ఉదయం ఏడు గంటలకు డ్రమ్ములో నలభై ఎనిమిది లీటర్లు. అంటే ఉదయం బాగానే ఉంది. లైట్‌మన్ శ్రీనును పిలిచి, అతను ఆ పక్కన వైర్లు పరిచినప్పుడు నేల ఎలా ఉందని అడిగాను.

"పదకొండుకు ఏసిన సార్. పొడిగనే ఉండె. తడుంటే నేనే ఏయ," అన్నాడు.

పదకొండుకు పొడి, ఒంటిగంటకు చెరువు. ఆ రెండు గంటల్లో ఏం మారింది? సుధీర్ చెప్పాడు. కెమెరామన్‌కు తొట్టి బాగా నచ్చిందట. ఇప్పటి ఎల్ఈడీ లైట్లు చల్లగా కనిపిస్తున్నాయని, పాతకాలపు పసుపు బల్బు లైటు ఒకటి తెప్పించాడట. దాన్ని అరమర తలుపు తీసి లోపలికి, కింది తొట్టి నీళ్ల మీదికి తిప్పితే గోడంతా నీటి అలలు ఆడాయట. "షాట్ సూపర్‌గా వచ్చింది అంకుల్," అన్నాడు, అంత బాధలోనూ.

నేను యాదయ్య ముఖం చూశాను. యాదయ్య అప్పటికే శ్రీను వైపు తిరిగాడు.

"తమ్మీ, గా లైటు జర ఎయ్యి."

ముందుగా పంపును బకెట్ నీళ్లలో పెట్టి, దాని గొట్టం కూడా అదే బకెట్‌లోకి తిప్పాం, తొట్టిలోకి ఇంకో చుక్క పోకుండా. శ్రీను లైటు వేశాడు. పసుపు వెలుగు కింది తొట్టి మీద పడింది. సెన్సర్లు రెండూ నీళ్లలో నిండా మునిగి ఉన్నాయి. పంపు గుర్రుమని నడవడం మొదలుపెట్టింది.

శ్రీను లైటు ఆర్పాడు. పంపు ఆగింది. మళ్లీ వేశాడు, నడిచింది. యాదయ్య తన టోపీ తీసి సెన్సర్లకు అడ్డం పెట్టాడు. ఆగింది.

"సార్, గివాటికి కండ్లున్నయ్ గని బుద్ధి లేదు," అన్నాడు యాదయ్య.

ఆ పాతరకం బల్బులో కంటికి కనిపించని వేడి కాంతి చాలా ఎక్కువ. సెన్సర్ ఎదురుచూసేది కూడా అలాంటి కాంతినే. తను పంపిన కాంతే తిరిగొచ్చిందని అది అనుకుంది. కాంతి తిరిగొస్తే పొడి. పొడి అయితే పంపు నడవాలి. నీళ్లలో మునిగి ఉండి కూడా రెండు సెన్సర్లూ దప్పిక అని అరిచాయి. అంగుళం పైనున్న రక్షకుడూ మొదటివాడు నమ్మిన అబద్ధాన్నే నమ్మాడు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు అన్నదమ్ములను సాక్షులుగా తెచ్చినట్టు అయింది. మామూలు ఇంట్లో ఇది ఎప్పటికీ జరగదు. అరమరలోకి అంత లైటు ఎవరు తిప్పుతారు? ఫిల్మ్‌నగర్‌లో తిప్పుతారు. ఆ సంగతి నేను ముందే ఆలోచించి ఉండాలి.

సుధీర్‌తో అన్నాను: "లైటు మీది. రెండూ ఒకే రకం పెట్టడం, పెద్ద డ్రమ్ము పెట్టడం నావి. యాదయ్య వద్దన్నాడు, నేను వినలేదు. ఈ సాయంత్రం దాకా నాకు సమయం ఇవ్వండి. చేశాక మీరే దాన్ని చెడగొట్టి చూడండి. నేలమీద చుక్క పడితే రేపు టెంపోలోకి తొట్టిని నేనే ఎక్కిస్తాను."

అతను తల్లి వైపు చూశాడు. "టెంపో ఇప్పుడే క్యాన్సిల్ చెయ్యను," అన్నాడు. "చూస్తా."

సాయంత్రం చేసినది

షూటింగ్‌వాళ్లు మేడ మీదికి మారారు. శ్రీను లైటు మాకు వదిలి వెళ్లాడు. ముందుగా కింది తొట్టిలో ఎక్కువైన నీళ్లు తోడేసి, విడిగా ఉప్పునీళ్లు కలిపి పెట్టుకున్నాం. పరీక్షలన్నిటికీ డ్రమ్ములో ఆ ఉప్పునీళ్లే. ఎనిమోన్‌కు ఆ రోజు మంచినీళ్లు చాలినన్ని అందాయి.

ఆప్టికల్ సెన్సర్ ఒకటి ఉంచి, దానికి నల్లటి పైపు ముక్క తొడిగాం. రెండోది తీసేసి ఆ చోట ఫ్లోట్ స్విచ్ పెట్టాం. నత్తలు రాకుండా చుట్టూ చిల్లుల డబ్బా. అది లేస్తే పంపుకు కరెంటే పోతుంది. ఇవి రెండూ తప్పితే మూడు నిమిషాలకు మించి పంపు నడవకుండా టైమర్. చివరిగా అరవై లీటర్ల డ్రమ్ము తీసి ఇరవై లీటర్లది పెట్టాం. ఆమె బకెట్ ఎత్తకుండా వంటింట్లోని ఆర్‌ఓ యంత్రం నుంచి డ్రమ్ము దాకా సన్నని గొట్టం లాగి, కొసన చేత్తో తిప్పే కుళాయి బిగించాం. మూడు రోజులకోసారి తిప్పి, పక్కన కూర్చుని, నిండాక కట్టేయాలి. ఆ కుళాయిని కూడా యంత్రానికే వదిలేద్దామా అని సుధీర్ అడిగాడు. వద్దన్నాను. అంతులేని నీళ్లను ఏ సెన్సర్‌కూ అప్పగించవద్దు. ఎందరు అడిగినా ఈ మాట మీద నిలబడండి.

తర్వాత సుధీర్ చేతికి అప్పగించాం. మొదట అతను పైపు ముక్క తీసి లైటు నేరుగా సెన్సర్ మీదికి తిప్పాడు. పంపు నడిచింది, నీళ్లు అంగుళం పెరిగాయి, బంతి లేచింది, పంపు ఆగింది. నీళ్లు తోడేశాం. ఈసారి లైటు వేసి బంతిని వేలితో కిందికి నొక్కి పట్టుకున్నాడు. మూడు నిమిషాలకు టైమర్ ఆపింది. మళ్లీ తోడేశాం. మూడోసారి టైమర్ కూడా తీయించాడు.

"ఇప్పుడేమవుతుంది?" అన్నాడు.

"చూడండి," అన్నాను. లెక్క వేసుకునే ఉన్నాను.

పంపు నడుస్తూనే ఉంది. రాజ్యలక్ష్మి గారు గుడ్డ చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డారు. కింది తొట్టిలో నీళ్లు లేచి, లేచి, అంచుకు రెండంగుళాల కింద ఆగాయి. డ్రమ్ము ఖాళీ అయింది. కింది తొట్టిలో మిగిలే ఖాళీ కన్నా డ్రమ్ము ఎప్పుడూ చిన్నదిగా ఉండాలి. సెన్సర్లు అన్నీ కలిసి మోసం చేసినా నేలకు చేరేందుకు నీళ్లు మిగలవు. కొత్తగా వచ్చేవాళ్లు ఏ సెన్సర్ మంచిదని నన్ను అడుగుతుంటారు. ముందు ఈ లెక్క చేసుకురండి, తర్వాత సెన్సర్ సంగతి మాట్లాడుకుందాం అంటాను. ఇక సెన్సర్లంటారా, ఒకటి ఒక కారణంతో చెడేది, ఇంకొకటి పూర్తిగా వేరే కారణంతో చెడేది ఎంచుకోండి. ఎంత ఖరీదైనా ఒకేరకం రెండు కొనకండి.

యాదయ్య తన సంచి సర్దుకుంటూ, "మూడు నెలల కిందనే చెప్పిన సార్," అన్నాడు. ఆ మాటను అతని ఎదుటే డైరీలో రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. రెండోసారి కూడా.

సుధీర్ నేలమీద అరచేయి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. మేడ మీది షూటింగ్‌కు వెళ్లిపోయాడు. రేపు ఏమవుతుందో మాకు తెలియలేదు.

మరుసటి ఉదయం

ఏడు గంటలకు వెళ్లాను. ఉప్పు ముప్పై రెండుకు వచ్చింది. తొందరపడకుండా ఇంకో రెండు రోజుల్లో పూర్తిగా పెంచాలి. ఎనిమోన్ సగం విచ్చుకుంది. దాని మధ్యలో రెండు చేపలూ దూరి, తోకలు మాత్రం బయట పెట్టాయి. నోటు పుస్తకంలో డ్రమ్ము మట్టం అప్పటికే రాసి ఉంది. ఆమె అక్షరం కాదు. సుధీర్‌ది.

తొమ్మిదింటికి టెంపో వచ్చింది. ఇద్దరు మనుషులు, తాళ్లు, పాత దుప్పట్లు. గుమ్మం దగ్గర నిలబడి "ట్యాంక్ ఏది సార్?" అన్నారు. రాజ్యలక్ష్మి గారు వెనక్కి తిరగలేదు. తొట్టి ముందు నిలబడి మేత వేస్తూ గయ్యాళి అత్తగారి గొంతులో చేపలను దులిపేస్తున్నారు. "నిన్న ఇంటికి ఇంత కష్టమొస్తే గుమ్మంలో నిలబడి చూస్తారా? ఒక్కరైనా వచ్చి నేల తుడిచారా?"

సుధీర్ కాసేపు విన్నాడు. తర్వాత టెంపోవాళ్లను పక్క గదిలోకి తీసుకెళ్లాడు. రెండేళ్లుగా బట్టలు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ వాడని అతని ట్రెడ్‌మిల్ అక్కడ ఉంది.

"ఇది తీసుకెళ్లండి అన్నా."

"రెస్టారెంట్‌కేనా సార్?"

"రెస్టారెంట్‌కే. వాడు నాకంటే లావు."

నలుగురం పట్టి దాన్ని టెంపోలోకి ఎక్కించాం. నేను చేయి తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి రాజ్యలక్ష్మి గారు ట్రెడ్‌మిల్ తీసిన ఖాళీ గోడ ముందు నిలబడి ఉన్నారు. నా సంచిలోని టేపు అడిగారు.

"అమ్మా, ఇంకోటి వద్దు," అన్నాడు సుధీర్ గుమ్మంలోంచి.

ఆమె టేపు ఒక కొస నాకిచ్చి రెండో కొస తను పట్టుకున్నారు. "నాలుగడుగుల రెండంగుళాలు. రాసుకోండి రామచంద్రం గారూ."

రాసుకున్నాను.